అడిగే సారు

మొన్న ఉరవకొండ బస్సు దిగి ఒక పిల్ల మా వీధిలోకి వచ్చింది. భుజాన సంచి, మెడలో తాడుకు వేలాడే కార్డు. మా ఇంటి ముందు నిలబడి, "అవ్వా, కొన్ని ప్రశ్నలు అడగొచ్చా?" అంది. పింఛను సంగతేమో అనుకుని మంచం చూపించాను. ఆ పిల్ల మంచం మీద కూర్చోలేదు. గడప అవతల నేల మీద చతికిలబడింది. అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఇంట్లో ఉప్పు అయిపోతే ఎవరింటికి పోతారవ్వా?"

నా చేతిలో చేట ఆగిపోయింది. ఈ ప్రశ్న నాకు తెలుసు. ఈ కూర్చోవడమూ తెలుసు.

"ఇట్ల అడగను నీకెవరు నేర్పినారు పాపా?"

"మా సారు."

"మీ సారు ఎండకు గొడుగు పట్టుకోని తిరుగుతాడా?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "తిరిగేవారు" అంది. కొంచెం ఆగి, "శివరాత్రికి ముందు చనిపోయారవ్వా. గుండెపోటు. సాయంత్రం మాతో మాట్లాడి ఇంటికి పోయినారు, అంతే" అంది.

వయసు మళ్ళిన మనిషి కాదు. నాకంటే చిన్నవాడు. అయ్యో అనుకున్నాను, అనుకుంటూ ఉండగానే ఒక ప్రశ్న నోటిదాకా వచ్చింది: ఆ మనిషి చదువు పూర్తయిందా? పెద్ద చదువు చదవడానికి మా ఊరికి వచ్చి, మా ఇంటి వల్లా, గోడ అవతల నా తోడికోడలి ఇంటి వల్లా ఆ చదువు చెడగొట్టుకుని పోయాడేమోనని ఇన్నేళ్ళుగా నా కడుపులో ఒక రాయి ఉంది. "మా సారు" అంటోంది కదా, అయి ఉంటుందిలే అనుకుందామా అంటే, సారు అనే మాటను నమ్మలేం. మా ఊర్లో సూదిమందు వేసేవాడూ సారే, కరెంటు బిల్లు చేతిలో పెట్టేవాడూ సారే. నోరు తెరిచి అడగడానికి భయమేసింది. లేదంటే ఏం చేయాలి? ప్రశ్న మింగి, ఆ పిల్లకు మజ్జిగ ఇచ్చి, ఆయన సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు మా ఊర్లో ఎవరూ పలకలేదు. వచ్చిన రోజు చెప్పాడు, ఇంటిపేరుతో సహా, బారెడు పేరు. మర్నాటికి ఊరంతా "అడిగే సారు" అనడం మొదలుపెట్టింది. మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా ఉంటారో, దానివల్ల పిల్లల చదువు ఎట్లా సాగుతుందో, ఎట్లా ఆగుతుందో తెలుసుకుని రాస్తాడని బడి అయ్యవారు చెప్పాడు. మా ఆయన విని, "దానికి ఊర్లు తిరిగేదెందుకు? అత్తాకోడళ్ళు ఉండే ఇల్లొకటి చూసుకోని ఆడ కూర్చుంటే చాలదా?" అన్నాడు.

కృష్ణ దాటి ఆ దిక్కు మనిషి. ప్రతి మాట చివరా "అండి" తగిలించేవాడు. దారికి అడ్డమొచ్చిన మేకకు కూడా "కాస్త జరగండి" అని చెప్పాడని పిల్లలు చెప్పుకుని నవ్వేవాళ్ళు. బడిలో సామాన్లు పెట్టే గదిలో చాప వేసుకుని ఉండేవాడు. ఉన్నవి రెండు చొక్కాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. మూడోది ఆ గొడుగు. మా ఊర్లో గొడుగు అంటే దేవుని ఊరేగింపులో కనపడాల్సిందే. వానలు ముఖం చాటేసిన కాలం అది. శెనక్కాయ వేసేది, అది ఎండేది, మళ్ళీ విత్తనాల కోసం తిరిగేది. అట్లాంటప్పుడు ఒక మనిషి గొడుగేసుకుని వీధుల్లో నడిస్తే ఊరుకుంటారా?

"సారూ, నీ గొడుగు చూసి వాన జడుసుకుంటాండాది. మూసేయప్పా దాన్ని!" అనేవాళ్ళు రచ్చకట్ట మీద కూర్చున్న ముసలాళ్ళు.

ఆయన నిజంగానే మూసేవాడు. మూసి చంకలో పెట్టుకుని, నెత్తి మాడే ఎండలో నిలబడి, "అట్లాగా? వాన ఎప్పట్నుంచి లేదండి?" అని అడిగేవాడు. ఎగతాళికి పిలిచినవాళ్ళు వాన గురించి మొదలుపెట్టి, ఎండిన బోరు గురించి చెప్పి, బోరు దగ్గర తగాదా పడిన అన్న గురించి చెప్పి, చివరికి అల్లుడు కొడుతున్నాడనే మాట దగ్గర కండువాతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అదీ ఆయన పద్ధతి. ఆయన చేసేదేమీ లేదు. అడిగేవాడు. మనం చెప్పేవాళ్ళం. చెప్పడం అయిపోయాక కూడా ఆయన కదిలేవాడు కాదు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉండేవాడు. "అద్దాలు తీస్తే బాగా వినపడుతుందండి" అనేవాడు. ఆ ఊరికే ఉండటం మా వాళ్ళకు పడదు. ఎదుటి మనిషి నోరు మూసుకుని కూర్చుంటే మా నోళ్ళు దురదపెడతాయి. చెప్పకూడదనుకున్న మాట అప్పుడు బయటపడేది.

వింటూ ఉండగా రాసేవాడు కాదు. తర్వాత బడి గోడ ఎక్కి కూర్చుని రాసుకునేవాడు.

ఏ ఇంట్లో ఏం పెట్టినా తినేవాడు. మాల వీధిలో, మాదిగ వీధిలో, ఏసుక్రీస్తును నమ్ముకున్న ఇళ్ళల్లో, రెడ్ల ఇళ్ళల్లో, అన్నిచోట్లా తినేవాడు. ఎక్కడ తిన్నదీ ఎక్కడా దాచేవాడు కాదు. కొందరు పెట్టడం మానేశారు. ఆయన అడగడం మానలేదు. సంగటి తినడం మాత్రం ఆయనకు రాలేదు. రాగిముద్దను నమిలేవాడు! మా అత్త బతికుండేది అప్పటికి. నోట్లో ముద్ద పెట్టుకుని పళ్ళ కింద నలుపుతున్న ఆయన్ను చూసి, "ఓయప్పా, అది మింగేది. నెమరేసేది కాదు. నువ్వు ఎద్దువా?" అంది. ఆయన మింగబోయి దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఎట్లా మింగాలమ్మా?" అని మా అత్తనే అడిగాడు. ఎనభై ఏళ్ళ ముసలిది ముద్ద తుంచి, పప్పులో ముంచి, తల కొంచెం పైకెత్తి మింగి చూపించింది. ఆయన అద్దాలు తీసి మరీ చూశాడు.

ఊర్లో ప్రతివాళ్ళకూ ఆయన తమ పక్షం మాట్లాడాలని ఉండేది. గట్టు తగాదా ఉన్నవాడు "నువ్వే చెప్పు సారూ, న్యాయం ఎవరిది?" అనేవాడు. కోడలు అత్త గురించి, అత్త కోడలి గురించి. అందరికీ ఒకటే జవాబు: "అడగడం వరకే నా పనండి." ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో ఎప్పుడూ దించలేదు. ఊరికి అది కొత్త. మా ఊర్లో మాట విన్నవాడు మోయకుండా ఉంటే రోగమేమో అనుకుంటారు.

నా సంగతి చెప్పాలిప్పుడు. చెప్పకపోతే ఆయన సంగతి తెలియదు.

నాకూ నా తోడికోడలికీ అప్పట్లో మాటల్లేవు. మా రెండిళ్ళకూ గోడ ఒకటే. ఇటు నేను తుమ్మితే అటు దానికి వినపడుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి అవసరం పడితే గోడ తట్టడం మా అలవాటు. పామొచ్చినా తట్టడమే, పులుసు కుదిరినా తట్టడమే. దాని పెద్దకొడుకు పెళ్ళికి అది కుంకుమ భరిణె పట్టుకుని ఊరంతా తిరిగింది. మా దిక్కున ఇంటి ఆడది గడపలోకి వచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. అందరి గడపలూ తొక్కిన మనిషి నా గడప తొక్కలేదు. పెళ్ళినాటి పొద్దున ఒక పిల్లవాడిని పంపింది, "పెద్దమ్మను రమ్మను" అని. ఊరందరికీ కుంకుమ, నాకు పిల్లవాడు. నేను పోలేదు. అప్పటి నుంచి గోడ తట్టలేదు. అన్నదమ్ములు మాత్రం ఒకే బీడీ చెరిసగం తాగుతూ ఎప్పటిలాగే తిరిగేవాళ్ళు. మగవాళ్ళకు రోషం ఉండదు.

అడిగే సారు నన్ను మొదటిసారి ఉప్పు గురించి అడిగినప్పుడు, "ఉప్పు అయిపోయేదాకా చూసుకోనిది ఇల్లాలేనా?" అన్నాను. "ఆపద వస్తే ముందు ఎవరిని పిలుస్తారు?" అంటే, "ఎవర్నీ పిలవను. నాకు నోరుండాది, కాళ్ళుండాయి" అన్నాను. ఆయన అద్దాలు తీశాడు. ఊరికే ఉన్నాడు. నేనూ కొంతసేపు బిగబట్టాను. తర్వాత, "ముందైతే గోడ తట్టేదాన్ని" అనేశాను. అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్షరాలు నేర్చుకున్నది కూడా దాని మీద పంతానికే. దీపాలు పెట్టే వేళకు బడిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు. అది చేరిందని తెలిసి నేనూ చేరాను. చాపకు ఆ కొసన అది, ఈ కొసన నేను, మధ్యలో బల్బు. అది 'అ' దిద్దిన రోజు నేను 'ఆ' కూడా దిద్దేదాన్ని. అది ఒత్తులకు వచ్చిందని తెలిస్తే నాకు నిద్ర పట్టేది కాదు. మధ్యలో కూర్చున్న ఆడవాళ్ళు సగం మంది మానేశారు. మేమిద్దరం ఒక్కరోజు మానలేదు. సారు ఒక మూల కూర్చుని చూసేవాడు. ఒకనాడు అడిగాడు:

"మీరెందుకు నేర్చుకుంటున్నారు పెద్దమ్మా?"

"అది నేర్చుకుంటాండాదని."

ఆయన గట్టిగా నవ్వింది నేను చూసినంతలో ఆ ఒక్కసారే. పంతానికి నేర్చుకున్నా అక్షరం అక్షరమే. బస్సు బోర్డు చదివేటప్పుడు, ఎందుకు నేర్చుకున్నావని అక్షరం అడగదు.

ఆ ఏడు మా ఊరి బడిలో ఏడో తరగతి గట్టెక్కిన ఆడపిల్లలు ఇద్దరే. ఒకతి నా చిన్న కూతురు. రెండోది దాని కూతురు. హైస్కూలు పక్క ఊర్లో. నడిచి పోవాలి. దారిలో వంక ఉంది. వంక దాటితే తుమ్మచెట్లు, మనిషి అలికిడి ఉండదు. ఎదిగే ఆడపిల్లను ఆ దారిన ఒంటరిగా పంపే ఇల్లు మా ఊర్లో లేదు. తోడుంటే పంపుతారు. ఇద్దరినీ కలిపి పంపాలంటే రెండిళ్ళకూ మాటలుండాలి. పొద్దున ఎప్పుడు కదలాలి, ఒకదానికి జ్వరమొస్తే రెండోదాని వెంట ఎవరు పోవాలి, వంకకు నీళ్ళొస్తే ఎవరు ఎదురు పోవాలి, ఇవన్నీ నోరు విప్పకుండా జరిగే పనులు కావు.

జూన్‌లో హైస్కూలు తెరిచారు. నా కూతురు నాతో చేనికి వచ్చింది. దాని కూతురూ దానితో చేనికి పోయింది. "పంద్రాగస్టు లోపల తీసుకొస్తే చేర్చుకుంటా. ఆ తర్వాత నా చేతిలో లేదు" అని హెడ్మాస్టరు కబురు పంపాడు. మా ఆయన, "చదివింది చాల్లే, కూలికి పోనీ" అన్నాడు. నా కూతురు ఏడిస్తే తిట్టి ఊరుకునేదాన్ని. అది ఏడవలేదు. నా పక్కన వంగి కలుపు తీస్తూ పాత పాఠాలు మొదటి నుంచి చివరిదాకా తనలో తను చెప్పుకునేది. శబ్దం లేదు, పెదవులు కదిలేవి. ఆ పెదవులు చూడలేకపోయాను.

ఒకరోజు చేని నుంచి నేరుగా బడి దగ్గరికి పోయాను. ఆయన బోరింగు దగ్గర రెండో చొక్కా ఉతుక్కుంటున్నాడు.

"సారూ, ఊర్లో అందరి కడుపుల్లో మాటలూ నీకు తెలుసు. దాని కడుపులో ఏముండాదో చెప్పు."

"చెప్పలేను పెద్దమ్మా."

"తెలీదా, చెప్పవా?"

"తెలుసండి. చెప్పను."

"నా ఇంట్లో ఉప్పు తినలేదా నువ్వు?"

"తిన్నాను. ఆవిడ ఇంట్లోనూ తిన్నాను. మీ మాట అక్కడ చెప్పలేదు. ఆవిడ మాట ఇక్కడ చెప్పను."

నాకు ఒళ్ళు మండింది. "మరెందుకొచ్చినావప్పా మా ఊరికి? మా పుండ్లు లెక్కబెట్టుకోని పోను వచ్చినావా? ఇద్దరు ఆడపిల్లోళ్ళు చదువు మానుకోని చేన్లో ఉంటే నువ్వు చొక్కాలు ఉతుక్కుంటాండావు!"

"అడగడం వరకే నా పని" అన్నాడు. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

"అయితే అడుగు! ఊరికే నిలబడతావేంది? అడుగు!"

ఆయన చొక్కా పిండి తీగ మీద వేశాడు. అద్దాలు తీశాడు. ఊరికే ఉన్నాడు. నాకు ఆ విద్య అప్పటికే అర్థమైంది. ఈసారి నేనూ నోరు తెరవలేదు. కొంగు నడుముకు దోపి అట్లాగే నిలబడ్డాను. బోరింగు నుంచి చుక్కలు పడుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. చివరికి ఆయనే ఓడిపోయాడు.

"మీరు ముయ్యికి ఎవరికైనా ఒక రోజు బాకీ ఉన్నారా పెద్దమ్మా?"

ముయ్యి అంటే మా దిక్కున బదులు పని. ఈరోజు నువ్వు నా చేనికి వచ్చి చేస్తే, రేపు నేను నీ చేనికి వచ్చి చేస్తాను. కూలి ఉండదు. ఎవరి చేనిలో పని జరిగితే వాళ్ళు మధ్యాహ్నం సంగటి పెట్టాలి. అంతే. ముయ్యి ఎగ్గొట్టిన మనిషిని ఊరు మనిషిగా చూడదు.

"నా కూతురి బతుకు గురించి నేనడుగుతాంటే నువ్వు కలుపు సంగతి మాట్లాడతావా?" అని తిట్టి వచ్చేశాను. వీధి మలుపు దాకా తిడుతూనే వచ్చాను. అక్కడ నా కాళ్ళు ఆగాయి.

దాని కొడుకు పెళ్ళికి ముందటి ఏడు అది నా చేనికి కలుపుకు వచ్చింది. తిరిగి నేను దాని చేనికి పోవాలి. ఈలోపల వాన ఎగ్గొట్టింది. పైరు లేదు, కలుపూ లేదు. తర్వాత పెళ్ళి. తర్వాత మాటల్లేవు. ఆ రోజు అట్లాగే నిలిచిపోయింది. ముయ్యి తీర్చకుండా చస్తే, వచ్చే జన్మలో వాళ్ళింట్లో ఎద్దుగా పుట్టి దున్ని తీర్చుకోవాలని మా అత్త చెప్పేది. దాని ఇంట్లో ఎద్దుగా పుట్టడమా! అది పెట్టే చొప్ప తినడమా! దానికంటే ఒక పూట కలుపు తీయడం మేలు.

ఆ ఏడు వాన పడింది. గొడుగు వల్లనే పడిందని కట్ట మీది ముసలాళ్ళు మాట మార్చారు. పైరు బాగుంది, కలుపు అంతకంటే బాగుంది.

మర్నాడు పొద్దున్నే దాని చేనికి పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక సాలు పట్టుకుని వంగాను. కలుపు తీసే ఆడవాళ్ళు ఒకరినొకరు గిల్లుకున్నారు. అది నన్ను చూసింది. నేను పైరును చూశాను. పొమ్మనడానికి దానికి లేదు. ముయ్యి తీర్చడానికి వచ్చిన మనిషిని పొమ్మంటే తప్పు దానిదవుతుంది. మధ్యాహ్నం దాకా పక్క పక్క సాళ్ళల్లో వంగి పోయాం. నా సాలు ముందు పోయింది. అది కూడా చెప్పాలి కదా.

మధ్యాహ్నం కానుగ చెట్టు కింద ముద్దలు దించింది. నాకూ ముద్ద పెట్టింది, మధ్యలో గుంట చేసి ఉలవచారు పోసింది. పెట్టి, మా ఇద్దరి మధ్య కూర్చున్న ముసలామెతో అంది:

"వచ్చిన మనిషికి ఇంగొక ముద్ద కావాల్నేమో అడుగవ్వా."

"చాలని చెప్పవ్వా" అన్నాను.

"వంగి పని చేసిన మనిషి, ఒక ముద్దతో ఏం సరిపోతుంది అని అడుగు."

"పిల్లోని చేత పిలిపించే ఇంట్లో ఒక ముద్దే ఎక్కువని చెప్పు."

ముసలామె చేతిలో ముద్ద అట్లాగే ఉంది. "నన్ను సంగటి తిననిస్తారా మీరు? మీ ఇద్దరికీ టపా మోసేదాన్నా నేను? యాడన్నా చావండి!" అని గిన్నె తీసుకుని అవతలికి పోయి కూర్చుంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. మా మధ్య ఇక ఎవరూ లేరు. అప్పుడు అది నా ముఖం చూసి అంది:

"పిలుపా? నీకు పిలుపేంది?"

"ఊరందరికీ లేదా? నాకేనా లేనిది?"

"ఊరోళ్ళు పరాయోళ్ళు, పిలవాల. సొంత ఇంటి మనిషికి బొట్టు పెట్టి పెండ్లికి రమ్మని చెప్తే, నువ్వు పరాయిదానివని చెప్పినట్ల కాదా అక్కా? నలుగు గిన్నె చేతిలో పట్టుకోని, పెద్దామె వచ్చి మొదలు పెట్టాల, మా అక్క రావాల అని పొద్దెక్కేదాకా పెండ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టినా. రాకపోతివి. నా అన్నదమ్ముల ముందర నా ముఖం ఎట్లుండాది అనుకున్నావు?"

సంగటి గొంతులో అడ్డం పడింది. నెమరేయకుండా మింగేదాన్ని నేను, ఆ రోజు నాకూ కష్టమైంది.

"పక్కింట్లో ఉండేదాన్ని. నువ్వే వచ్చి రాక్కా అంటే నీ కాళ్ళు అరిగిపోతాయా?" అన్నాను చివరికి.

"పిలవకుండా వస్తే నీ కాళ్ళు అరిగిపోతాయా?" అంది అది.

ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ అది ఇంకొక ముద్ద నా గిన్నెలో వేసింది. నేను తిన్నాను. పొద్దు వాలాక కొడవలి విదిలించుకుంటూ అది, "రేపు నీ కూతుర్ని చేనికి పంపుతావా, బడికా?" అంది. "నీది పోతే నాదీ పోతాది" అన్నాను. పంద్రాగస్టుకు ఇంకా దినాలుండగానే ఇద్దరూ హైస్కూల్లో చేరారు. ఇప్పుడు నాది టీచరు పరీక్ష రాసి కాచుకుని ఉంది. దానిది నర్సు. నర్సుకు ముందే జీతం వచ్చిందని అది నన్ను ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

పిల్లలు మొదటి రోజు హైస్కూలుకు పోతుంటే సారు వంక దారి దాకా వచ్చి నిలబడ్డాడు. సన్నగా తుంపర పడుతోంది. గొడుగు చంకలోనే ఉంది, తెరవలేదు. పిల్లలు కనపడకుండా పోయేదాకా ముఖమంతా వెలుగు. తర్వాత తల దించుకున్నాడు.

"పెద్దమ్మా, నేను అడగకూడనిది అడిగాను."

"ఏం, మంచే జరిగింది గదా?"

"మంచే జరిగింది. కానీ నేను వచ్చింది ఈ ఊరు ఎట్లా ఉందో అట్లా రాయడానికి. ఆవిడ మాట మీకు మోయలేదు, నిజమే. కానీ ఆవిడ మాట విని ఉన్నాను కాబట్టే ఆ ప్రశ్న అడిగాను. తక్కెడ మీద వేలు పెట్టినట్టే కదండి. ఇక ఆ తూకం నాది, మీ ఊరిది కాదు."

శెనక్కాయ మండీలో తూకం దగ్గర నిలబడిన ఎవరికైనా ఆ మాట అర్థమవుతుంది. వేలు ఎటువైపు నొక్కినా అది దొంగ తూకమే.

"ఎవరికి తెలుస్తాది సారూ? నేను చెప్పను. అది కూడా చెప్పదు."

"నేను చెప్పాలి పెద్దమ్మా. మా పెద్ద సారుకు చెప్పాలి."

"చెప్తే ఏమైతాది?"

"తెలియదు. అంతా మళ్ళీ మొదలుపెట్టమనొచ్చు. వద్దనీ అనొచ్చు."

కొద్ది రోజులకే చాప చుట్టుకుని, రెండు చొక్కాలు సంచిలో పెట్టుకుని పోయాడు. బస్సు దాకా మేమిద్దరం పోయాం. వేరుశనగ మూట ఇచ్చాం, ఇద్దరం చెరొకటి. కలిపి ఒకటి ఇవ్వొచ్చు కదా అని మా ఆయన అన్నాడు. మాటలు కలిశాయని మూటలు కలుస్తాయా?

ఆ తర్వాత ఆయన సంగతి తెలియలేదు. మా పిల్లలు ఒక్కో తరగతి గట్టెక్కినప్పుడల్లా నాకు సంతోషం వెంటనే ఆ రాయి కదిలేది. మా పిల్లల చదువు నిలబెట్టి తన చదువు పోగొట్టుకున్నాడా? గొడుగేసుకుని ఏ ఊర్లో మళ్ళీ మొదటి నుంచి ఉప్పు గురించి అడుగుతున్నాడో?

ఇదంతా చెప్పి ఆగాను. ఆ పిల్ల ఊరికే కూర్చుని ఉంది. ఆ ఊరికే ఉండటం కూడా ఆయన నేర్పిందే. నా నోరు దురదపెట్టింది. ఇక తప్పదు.

"పాపా, ఆయన చదువు పూర్తయిందా?"

ఆ పిల్ల నవ్వింది. "అయిందవ్వా. యూనివర్సిటీలో మాకు పెద్ద సారు ఆయనే. ఏటా మొదటి పాఠం ఇదే చెప్పేవారు. ఒక ఊర్లో తక్కెడ మీద వేలు పెట్టాను, మా గైడు దగ్గర ఒప్పుకున్నాను, ఆ రెండిళ్ళూ తీసేసి మిగతా ఊరు రాయమన్నారు అని. ఊరు పేరు మాత్రం చెప్పేవారు కాదు. మీరు అట్లా చేయొద్దు అనేవారు."

"తప్పు చేసినా అని బాధపడేవాడా?"

"మేమూ అదే అడిగేవాళ్ళం. బాధపడ్డారా సార్ అని. కళ్ళద్దాలు తీసేవారు. ఊరికే ఉండేవారు. తర్వాత సంగటి ఎట్లా మింగాలో మాకు చేసి చూపించేవారు. తల ఇట్లా కొంచెం ఎత్తి."

మా అత్త ఎత్తినట్టే ఎత్తింది ఆ పిల్ల.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. పోయినాడే అని ఒకవైపు ఉంది. కానీ అబద్ధం చెప్పకుండానే గట్టెక్కినాడు, మా పాపం ఆయన నెత్తిన పడలేదు. కడుపులో రాయి ఉన్నచోట ఖాళీ తెలుస్తోంది. చేట తీసుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టాను. చేయి తేలికగా ఆడింది.

"ఇంగ అడుగు పాపా. నీ పని కానీ."

ఆ పిల్ల కలం తీయకుండా, సర్దుకుని కూర్చుని అడిగింది. "ఆపద వస్తే ముందు ఎవరిని పిలుస్తారవ్వా?"

పక్కనున్న గోడను పిడికిలితో తట్టాను.

గోడ అవతల నుంచి వెంటనే గొంతు వచ్చింది. "ఏమక్కా? ఏం కొంప మునిగిందనీ? పొయ్యి మీద పాలుండాయి, వచ్చేదా ఆగేదా?"

"పాలు దించి రా. మనల్ని అడిగేదానికి ఒక పాప వచ్చింది" అని అరిచి, ఆ పిల్లతో అన్నాను. "ఈసారి మా రెండిళ్ళూ రాసుకో పాపా. ఈ తూకంలో ఎవరి వేలూ లేదు."